హార్మోన్ల కోసం మూలికల డబ్బా కొనే ముందు ఓ పది నిమిషాలు

మా షాపులో రోజుకి ఇద్దరైనా అడుగుతారు, "మేడం, పీరియడ్స్ సరిగ్గా రావట్లేదు, ఇంగ్లీషు మందులు వద్దు, నాచురల్‌గా ఏమైనా ఉంటే ఇవ్వండి" అని. నేను బీఫార్మసీ చేసి పదకొండేళ్ళుగా తెనాల్లో మందుల షాపు కౌంటర్ దగ్గర నిలబడుతున్నా. నా వెనక షెల్ఫులో అలాంటి డబ్బాలు నలభై రకాలుంటాయి, అమ్మితే మాకే లాభం, మామూలు మాత్రల కంటే వాటి మీదే మార్జిన్ ఎక్కువ కూడా. అయినా ఒకసారి మా ఇంట్లోనే దెబ్బ తగిలాక, డబ్బా తీసిచ్చే ముందు ఓ పది నిమిషాలు వాళ్ళ బుర్ర తినడం అలవాటైపోయింది. ఆ సోదే ఇక్కడ రాస్తున్నా, షాపులో అయితే వెనకాల క్యూ ఉంటుంది కాబట్టి సగమే చెప్తా.

దెబ్బ అన్నా కదా, అది మా వదిన సంగతి. ఆవిడకి థైరాయిడ్ తక్కువ, ఆరేళ్ళ నుంచి పొద్దున్నే 75 మైక్రోగ్రాముల మాత్ర వేసుకుంటుంది. కిందటేడు జుట్టు ఊడిపోతోందని ఆన్‌లైన్లో బయోటిన్ (జుట్టుకని అమ్మే ఒక బి విటమిన్) డబ్బా తెప్పించుకుంది, "ప్లాంట్ బేస్డ్" అని ముందు పెద్ద అక్షరాలు, ఏ మొక్క అని వెనక్కి తిప్పి చూస్తే సెస్బేనియా, అంటే మన అవిసె చెట్టే, పూలు కూర వండుకుంటాం చూడండి అది. దాంతో పాటే నిద్ర పట్టట్లేదని అశ్వగంధ కూడా మొదలెట్టింది. రెండు నెలల తర్వాత ఎప్పట్లాగే థైరాయిడ్ టెస్టు చేయిస్తే టీఎస్‌హెచ్ 0.2 (ఒంట్లో థైరాయిడ్ హార్మోన్ ఎక్కువైతే ఈ అంకె పడిపోతుంది, తక్కువైతే పెరుగుతుంది). డాక్టరుగారు మందు ఎక్కువైందని 50కి తగ్గించారు. ఈవిడ డబ్బాల గురించి చెప్పలేదు, అవి మందులు కాదుగా అనుకుంది, ఆయనా అడగలేదు. ఇంకో రెండు నెలలకి మనిషి నీరసం, మొహం ఉబ్బు, పీరియడ్స్ వస్తే పది రోజులు ఆగడం లేదు. నేను పండక్కి వెళ్ళినప్పుడు ఫ్రిజ్ మీద ఆ డబ్బాలు చూశా, అప్పుడు వెలిగింది. చాలా ల్యాబుల్లో టెస్టు చేసే పద్ధతిలోనే బయోటిన్ వాడతారు, అందుకని రక్తంలో బయోటిన్ ఎక్కువగా తిరుగుతుంటే మిషన్ మోసపోయి టీఎస్‌హెచ్ ఉన్నదానికంటే తక్కువగా, టీ3 టీ4 అనే థైరాయిడ్ హార్మోన్లు ఎక్కువగా చూపించొచ్చు. ల్యాబ్ టెస్టులకి బయోటిన్ అడ్డం వస్తోందని అమెరికాలో మందుల మీద నిఘా పెట్టే ఎఫ్‌డీఏ 2017లోనే హెచ్చరించింది. పోనీ అదే కారణం అందామా అంటే అశ్వగంధ కూడా కొంతమందిలో థైరాయిడ్ హార్మోన్ని నిజంగానే పెంచుతుంది. రెండూ ఒకే వారంలో మొదలెట్టింది, ఏది చేసిందో ఇప్పటికీ చెప్పలేం. రెండూ ఆపించి వారం తర్వాత మళ్ళీ చేయిస్తే టీఎస్‌హెచ్ 9 దాటింది, మాత్ర మళ్ళీ 75కి వెళ్ళింది.

అందుకని మొదటి ప్రశ్న ఎవరినైనా అదే అడుగుతా, మీ సమస్యకి పేరు పెట్టారా? "హార్మోన్ ఇంబ్యాలెన్స్" అనేది జబ్బు పేరు కాదు, ఒంట్లో బాలేదు అన్నట్టే అది. పీరియడ్ రాకపోవడానికి గర్భం కావచ్చు (నవ్వకండి, ముందు ఆ కార్డు టెస్టు చేసుకోండి, మూలిక మింగాక తెలిస్తే ఆ టెన్షన్ మామూలుగా ఉండదు), థైరాయిడ్ కావచ్చు, ప్రొలాక్టిన్ (పాలు పడటానికి పనిచేసే హార్మోన్) ఎక్కువవడం కావచ్చు, పీసీఓడీ (అండాశయాల పని, హార్మోన్లు గాడి తప్పే సమస్య) కావచ్చు, డైటింగ్ పేరుతో పదిహేను కిలోలు తగ్గడం కావచ్చు, నలభై దాటితే మెనోపాజ్ దగ్గర పడటం కావచ్చు. వీటన్నిటికీ ఒకే డబ్బా పనిచేస్తుందని ఎవడైనా చెప్తే వాడు డబ్బా అమ్ముకునేవాడే. పెద్దవాళ్ళలో 21 నుంచి 35 రోజుల మధ్య ఎప్పుడొచ్చినా మామూలే, ఒక నెల 27 ఇంకో నెల 31 వచ్చిందని మందు అడిగేవాళ్ళు ఉన్నారు, వాళ్ళకి ఏమీ అక్కర్లేదు. స్కాన్లో "పీసీఓ" అని రాసినంత మాత్రాన కూడా పీసీఓడీ అయిపోదు. 2003లో రోటర్‌డామ్‌లో డాక్టర్లు పెట్టుకున్న లెక్క ప్రకారం మూడింటిలో రెండు ఉండాలి, పీరియడ్స్ గాడి తప్పడం, మగ హార్మోన్ ఎక్కువైన గుర్తులు అంటే గడ్డం మీద వెంట్రుకలు, మొటిమలు లేదా రక్తంలో ఆ హార్మోన్ ఎక్కువ ఉండటం, మూడోది స్కాన్లో అండాశయాల్లో బోలెడు చిన్న బుడగలు కనిపించడం. అది కూడా థైరాయిడ్, ప్రొలాక్టిన్ లాంటివి కాదని తేల్చుకున్నాకే. టీఎస్‌హెచ్, ప్రొలాక్టిన్, షుగరు, హిమోగ్లోబిన్, ఈ నాలుగు చేయించుకుంటే సగం చీకటి పోతుంది, ఖర్చు కూడా రెండు మూడు డబ్బాల కంటే ఎక్కువేం కాదు.

మూడు నెలలు పీరియడ్ రాకపోయినా, గంటకో ప్యాడ్ మార్చాల్సినంత బ్లీడింగ్ అవుతున్నా, పీరియడ్స్ ఆగిపోయిన ఏడాది తర్వాత ఒక్క చుక్క కనిపించినా మూలికల జోలికే పోకండి, నేరుగా గైనకాలజిస్ట్ దగ్గరికి వెళ్ళండి. ఆ చివరిది మరీ ముఖ్యం. మా అమ్మ వయసు వాళ్ళు సిగ్గుపడి అశోకారిష్టం తాగుతూ నెలలు గడిపేస్తారు, ఆ వయసులో ఆ చుక్క గర్భసంచి క్యాన్సర్‌కి గుర్తు అయ్యే అవకాశం ఉంటుంది కాబట్టి చూపించుకోవాల్సిందే.

ఇక నాచురల్ అనే మాట. తిరుపతి ప్రయాణం అనో ఇంట్లో వ్రతం అనో పీరియడ్స్ వాయిదా వేసుకోవడానికి ఒక మాత్ర అడుగుతారు కదా, నోరెథిస్టెరాన్, దాని పుట్టుక ఎక్కడో తెలుసా, మెక్సికోలో అడవి దుంపలో. 1940ల్లో రసెల్ మార్కర్ అనే కెమిస్ట్ ఆ దుంపల్లో ఉండే డయోస్‌జెనిన్ అనే పదార్థం నుంచి ప్రొజెస్టెరాన్ అనే ఆడ హార్మోన్ తయారు చేసే దారి కనిపెట్టాడు, 1951లో మెక్సికోలోనే సింటెక్స్ కంపెనీ ల్యాబులో నోరెథిస్టెరాన్ తయారైంది. అంటే "హార్మోన్ మాత్ర వద్దు బాబోయ్" అని మనం భయపడే మాత్ర కూడా ఒకప్పుడు దుంపే. ఇందులో మనకి పనికొచ్చే ముక్క ఇంకోటుంది, దుంపని హార్మోన్‌గా మార్చింది ల్యాబులో రసాయనాలు, మన ఒంటికి ఆ విద్య రాదు. ఆ డయోస్‌జెనిన్ మన మెంతుల్లో కూడా ఉంది, రోజూ పులుసులో వేసుకుంటున్నాం, ఎవరికీ ప్రొజెస్టెరాన్ పెరగలేదు. కాబట్టి "వైల్డ్ యామ్ నాచురల్ ప్రొజెస్టెరాన్" అని రాసున్న క్రీములకి డబ్బులు పెట్టకండి.

డబ్బా చేతిలోకి తీసుకున్నాక ముందు వైపు చూడకండి, అక్కడ ఉండేదంతా నవ్వే అమ్మాయి బొమ్మ, ఆకులు. వెనక్కి తిప్పండి. ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార పదార్థాలకి లైసెన్స్ ఇచ్చే ప్రభుత్వ సంస్థ) పేరుతో 14 అంకెల నంబరు ఉందంటే అది ఫుడ్ సప్లిమెంట్, అంటే చట్టం ప్రకారం ఆహారం కింద లెక్క, "ఔషధంగా వాడటానికి కాదు" అని చిన్న అక్షరాల్లో వాళ్ళే రాసుకుంటారు. ఆయుర్వేద మందు అయితే తయారీ లైసెన్స్ నంబరు వేరేగా ఉంటుంది. రెండూ లేకపోతే పెట్టేసి వచ్చేయండి. ఇంకో మాట, నెలసరి సమస్యలు పోగొడతాం, సంతానం కలిగిస్తాం అని మందుకి ప్రకటన ఇవ్వడం 1954 నాటి మ్యాజిక్ రెమెడీస్ చట్టం ప్రకారం నేరం. యూట్యూబులో రోజూ చేస్తున్నారు, అది వేరే సంగతి.

తర్వాత లెక్క. ఒక డబ్బా మీద "అశ్వగంధ ఎక్స్‌ట్రాక్ట్ 300 మిల్లీగ్రాములు, 5 శాతం వితనోలైడ్స్" అని ఉందనుకోండి, అసలు సరుకు 15 మిల్లీగ్రాములు అన్నమాట. పక్క డబ్బా మీద "అశ్వగంధ 1000 మిల్లీగ్రాములు" అని ఉంటే ఎక్కువనిపిస్తుంది కానీ అది ఉత్త వేరు పొడి కావచ్చు, శాతం రాయలేదంటే పోల్చడానికి లేదు. ఆ లెక్క కూడా ఒక్క క్యాప్సూల్‌కా రెండు క్యాప్సూల్స్‌కా చూడండి, సర్వింగ్ అంటే రెండు అని మూలన రాస్తారు. అన్నిటికంటే నాకు చిరాకు తెప్పించేవి "బ్లెండ్" డబ్బాలు, శతావరి, అశోక, లోధ్ర, షాటవరి (ఒకే డబ్బా మీద రెండు స్పెల్లింగులతో రెండుసార్లు, నిజంగా చూశా), మొత్తం తొమ్మిది మూలికలు కలిపి 800 మిల్లీగ్రాములు, ఏది ఎంతో చెప్పరు. సగటున ఒక్కోటి 90 కూడా రాదు. అలాంటి దాంతో మేలు జరిగినా కీడు జరిగినా దేనివల్లో తెలీదు. పేరులో భస్మం, రస, వంగ, నాగ అని ఉంటే అందులో లోహం ఉండే అవకాశం ఎక్కువ, రస అంటే పాదరసం, నాగ అంటే సీసం. గర్భం కోసం ప్రయత్నిస్తున్నవాళ్ళు సొంతంగా అసలు ముట్టుకోకూడదు. 2011, 12లో న్యూయార్క్‌లో ఆరుగురు గర్భిణుల రక్తంలో సీసం బయటపడింది, ఆరా తీస్తే వాళ్ళు వాడిన ఆయుర్వేద మాత్రలే. విదేశాల్లో ఉన్న పిల్లలకి ఇక్కణ్ణించి లేబుల్ లేని పొట్లాలు పంపించే అమ్మమ్మలు ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకుంటే చాలు.

ఇప్పుడు ఒక్కో దాని గురించి నా అభిప్రాయం.

అవిసె గింజలు మంచివి, చవక. ఇవి వదిన బయోటిన్ డబ్బా వెనక రాసున్న అవిసె చెట్టువి కావు, పేరు ఒకటే, మొక్కలు వేరు. వీటిలో లిగ్నన్స్ అని ఈస్ట్రోజన్‌కి దూరపు చుట్టం లాంటివి ఉంటాయి, పీచు, ఒమేగా 3 ఎలాగూ ఉన్నాయి. గింజలు అలాగే మింగితే అలాగే బయటికి పోతాయి, దోరగా వేయించి పొడి కొట్టుకోండి, రోజుకి ఒకటి రెండు చెంచాలు, నీళ్ళు బాగా తాగాలి. మొదటి పదిహేను రోజులు అవిసె, గుమ్మడి గింజలు, తర్వాత పదిహేను రోజులు నువ్వులు, పొద్దుతిరుగుడు అని సీడ్ సైక్లింగ్ ఒకటి నడుస్తోంది కదా, ఆ తేదీల లెక్కకి సరైన ఆధారం నాకెక్కడా కనపడలేదు, గింజలు మాత్రం తినండి. పెద్దమనిషైన పిల్లకి చిమ్మిలి దంచి పెట్టిన మన అమ్మమ్మలు ఏ రోజు ఏ గింజ అని క్యాలెండర్ చూళ్ళేదు.

పుదీనా టీ మీద చిన్న చిన్న పరీక్షలు జరిగాయి, పీసీఓడీ ఉన్నవాళ్ళు నెల రోజులు రోజుకి రెండుసార్లు తాగితే టెస్టోస్టిరాన్ అనే మగ హార్మోన్ కొంత తగ్గింది. గడ్డం మీద వెంట్రుకలు మాత్రం నెలలో తగ్గినట్టు డాక్టర్ల కొలతకి తేలలేదు, వెంట్రుక పద్ధతే అంత, ఏం వాడినా ఆరు నెలలు ఆగాలి. హాని పెద్దగా లేదు, నచ్చితే తాగండి.

ఇనోసిటాల్ (చక్కెర లాంటి ఒక పదార్థం) సాచెట్లు పీసీఓడీకి డాక్టర్లే రాస్తున్నారు, మయో ఇనోసిటాల్ రోజుకి 4 గ్రాములు, రెండు పూటలుగా. సాక్ష్యం ఇంకా బలంగా లేదు కానీ కొందరికి పీరియడ్స్ గాడిలో పడతాయి, పెద్ద ఇబ్బందులు లేవు. ఎవరూ చెప్పని విషయం ఒకటి చెప్తా, పీసీఓడీ ఉంది కదా గర్భం రాదులే అని నిర్లక్ష్యంగా ఉన్నవాళ్ళకి దీనితో అండం విడుదల మొదలైతే రావచ్చు, పిల్లలు వద్దనుకునేవాళ్ళు జాగ్రత్త పడండి.

బెర్బెరిన్, అంటే మానుపసుపు జాతి చెక్కల్లో ఉండే పసుప్పచ్చ పదార్థం, షుగర్ మీద పనిచేస్తుంది. గర్భిణులకి, పాలిచ్చేవాళ్ళకి వద్దు. షుగర్ మాత్రలు వాడేవాళ్ళు అడక్కుండా కలపకూడదు, మెంతుల క్యాప్సూల్స్‌కీ ఇదే మాట, షుగర్ మరీ పడిపోతే కళ్ళు తిరుగుతాయి. పోపులో మెంతులకి ఈ గొడవ లేదు.

శతావరి, మన పిల్లిపీచర గడ్డలు, బాలింతకి పాలు పడటానికి తరతరాలుగా వాడుతున్నారు. పీరియడ్స్ సరిచేస్తుందనడానికి మాత్రం చెప్పుకోదగ్గ పరీక్షలు లేవు. రొమ్ము క్యాన్సర్ వచ్చి తగ్గినవాళ్ళు, ఫైబ్రాయిడ్స్, ఎండోమెట్రియోసిస్ ఉన్నవాళ్ళు ఇదైనా, సోయా క్యాప్సూల్స్ అయినా డాక్టర్ని అడక్కుండా వద్దు.

అశ్వగంధ, పెన్నేరు గడ్డ, అది హార్మోన్ మందు కాదు, నిద్రకి, టెన్షన్‌కి కొంత పనిచేస్తుంది. గర్భిణులకి వద్దు, థైరాయిడ్ ఉన్నవాళ్ళ సంగతి పైన చెప్పా, కొద్దిమందికి లివర్ దెబ్బతిన్న కేసులు ఉన్నాయి. డెన్మార్క్ 2023లో నిషేధించింది కూడా. మన ఆయుష్ శాఖ 2021లో వేరు మాత్రమే వాడండి, ఆకు వద్దని కంపెనీలకి చెప్పింది, అందుకని లేబుల్ మీద "రూట్" అని ఉందో లేదో చూడండి.

అశోకారిష్టం గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, తెనాల్లో అత్తగారు కోడలికి మొదట కొనిచ్చేది అదే. స్కూళ్ళ ముందు నిటారుగా పెరిగే చెట్టుని మనం అశోక అంటాం కదా, అది నరమామిడి, అసలు అశోక ఇంకో చెట్టు, నారింజ రంగు పూలు గుత్తులుగా పూస్తుంది, చెట్లు బాగా తగ్గిపోయాయి. అందుకని మార్కెట్లో అశోక బెరడు పేరుతో నరమామిడి బెరడు కలుపుతారు, ఇది పాత కథే, మూలికల షాపులో విడి బెరడు కొనకపోవడం మంచిది. రెండోది, అరిష్టం అంటేనే పులియబెట్టినది, సీసా మీద చూడండి, "స్వయంగా తయారైన ఆల్కహాల్ 5 నుంచి 10 శాతం" అని ఉంటుంది. తెల్లబట్టకి డాక్టర్లు తరచుగా మెట్రోనిడజోల్ రాస్తారు, ఆ కోర్సులో ఆల్కహాల్ వద్దంటారు, ఇంట్లో ఏమో పొద్దున మాత్ర రాత్రి అరిష్టం. వాంతులు అవుతున్నాయని వస్తే మేం అడిగే మొదటి ప్రశ్న అదే.

మెనోపాజ్ వేడి ఆవిర్లకి బ్లాక్ కొహోష్ అని ఒకటి అమెరికా నుంచి పిల్లలు పంపిస్తారు, పనిచేస్తుందని గట్టిగా తేలలేదు, లివర్ కేసులు ఉన్నాయి, నేనైతే మా అమ్మకి ఇవ్వను. పీరియడ్స్ ముందు రొమ్ముల నొప్పికి, చిరాకుకి వైటెక్స్ అని వస్తోంది, దాన్ని మన వావిలి అనుకుని ఆకులు మరిగించకండి, వావిలి దాని చుట్టమే కానీ అది కాదు, పైగా అసలు వైటెక్స్ ప్రొలాక్టిన్ మీద పనిచేస్తుంది కాబట్టి ప్రొలాక్టిన్ మందు వాడేవాళ్ళు ముట్టుకోవద్దు. పసుపు క్యాప్సూల్స్ మిరియాల సారంతో కలిపి ఎక్కువ డోసులో వాడితే లివర్‌కి ఇబ్బంది వచ్చిన కేసులూ ఉన్నాయి, కూరలో పసుపు సంగతి కాదు నేననేది. డిప్రెషన్‌కి నాచురల్ అని సెయింట్ జాన్స్ వోర్ట్ అనే మూలిక వాడితే గర్భనిరోధక మాత్ర పనిచేయడం మానేయొచ్చు. అతిమధురం రోజూ ఎక్కువగా తీసుకుంటే బీపీ పెరుగుతుంది, పొటాషియం పడిపోతుంది.

ఇవన్నీ విన్నాక కూడా ఒకటి వాడి చూస్తాం అంటే సరే, కానీ ఇలా చేయండి. ఒక్కటే మొదలెట్టండి, ఒక్కటే, రెండోది కనీసం మూడు నెలల తర్వాత. గోడ మీద పంచాంగం క్యాలెండర్ ఉంటుంది కదా, మొదలెట్టిన రోజు పెన్నుతో గుండ్రం చుట్టండి, పీరియడ్ వచ్చిన రోజు ఒక గీత, ఎన్ని రోజులు, రోజుకి ఎన్ని ప్యాడ్లు, నొప్పి పదికి ఎంత, అంతే. యాప్ వాడినా పర్లేదు కానీ పేపరైతే డాక్టరు టేబుల్ మీద పెట్టేయొచ్చు. ఏం మారితే పనిచేసినట్టో ముందే రాసుకోండి, "45 రోజులకి వచ్చేది 35 లోపు రావాలి" అని, లేకపోతే డబ్బా అయిపోయే టైముకి "ఏదో కొంచెం హుషారుగా ఉందిలే" అని ఇంకోటి కొంటారు, నాకు తెలుసు, నేనే అమ్ముతా. మూడు నెలలు చూసి తేడా లేకపోతే ఆపేయండి. కళ్ళు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వస్తున్నా, ఒళ్ళంతా దురద, ఆకలి పూర్తిగా పోయినా ఆ రోజే ఆపి డబ్బా పట్టుకుని హాస్పిటల్‌కి వెళ్ళండి. మందుల వల్ల ఇబ్బంది వస్తే చెప్పడానికి 1800-180-3024 అని ప్రభుత్వ టోల్ ఫ్రీ నంబరు ఉంది, మూలికలకైనా చెప్పొచ్చు. ఆపరేషన్ ఉంటే రెండు వారాల ముందే డాక్టర్‌కి చెప్పి ఈ మూలికల డబ్బాలన్నీ ఆపేయండి. థైరాయిడ్ టెస్టుకి వెళ్ళే ముందు బయోటిన్ కనీసం రెండు రోజులు ఆపాలి, పెద్ద డోసు అయితే ఇంకా ముందు నుంచే. డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు పేర్లు గుర్తుండవు కాబట్టి డబ్బా వెనక వైపు ఫోటో ఫోన్లో పెట్టుకోండి, ముందు వైపు కాదు.

మా వదిన ఇప్పుడు డబ్బాలు మానేసి అవిసె గింజల కారప్పొడి కొడుతోంది, ఎండుమిర్చి, వెల్లుల్లి, చింతపండు వేసి, బాగానే ఉంటుంది. మొన్న ఫోన్ చేసి "ఏమే, థైరాయిడ్ టెస్టుకి ముందు ఇది కూడా రెండు రోజులు ఆపాలా" అని అడిగింది. అక్కర్లేదు వదినా, పొద్దున మాత్ర వేసుకున్న గంటదాకా మాత్రం ఇడ్లీలో నంజుకోకు అన్నా, ఆ పీచు మాత్రని సరిగ్గా ఒంటబట్టనివ్వదు. గంట ఆగితే ఇడ్లీలు చల్లారిపోతాయి కదే అంది.